ఏజెంటు పేరు మార్చినట్టు

బాచుపల్లిలో చిన్న చిన్న షెడ్లున్న ఒక గల్లీలో ఈ మాట సామెతలా తిరుగుతోంది. నిక్షేపంగా ఉన్న పనిని ఎవరైనా చేతులారా చెడగొడితే "మన ఏజెంటు పేరు మార్చినట్టు చేసినావు గదయ్యా" అంటారు. రబ్బరు చెప్పులు చేసేవాళ్లు, ప్లాస్టిక్ గొట్టాలకు ముడిసరుకు కలిపేవాళ్లు, కొవ్వొత్తులు పోసేవాళ్లు, అందరూ అంటారు. ఆ ఏజెంటు ఎవరో కాదు, విదేశాల నుంచి వాళ్లకు వచ్చే సరుకును కస్టమ్స్ దాటించి పెట్టిన క్లియరింగ్ ఏజెంటు. ఈ మాట పుట్టాక ఆ గల్లీలో అతన్ని నమ్మి ఒక్కరూ కాగితం ముక్క చేతికివ్వలేదు.

అతను ఏ పేరూ మార్చలేదు. మార్చింది నేను.

నేను పనిచేసేది రాయదుర్గం మెట్రో స్టేషను దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో. ఎక్కడో యూరప్ రేవుల్లో దిగుమతి కాగితాలు నింపుకునేవాళ్ల కోసం మా టీము కంప్యూటర్ తెరలు తయారుచేస్తుంది. ఏ గడిలో ఏం రాయాలి, రాయకపోతే ఎర్రక్షరాల్లో ఏం హెచ్చరిక రావాలి, అదీ మా పని. ఓడను నేను దగ్గరగా చూసింది లేదు. అయినా బంధువుల్లో నా పేరు "కస్టమ్స్ ఆయన". దుబాయ్ నుంచి ఎవరి అల్లుడు టీవీ తెస్తున్నా నాకే ఫోను. తెలియదని ఒక్కసారీ అనలేదు. అలా పిలిపించుకోవడం బాగుండేది, అంతే.

మా ఆవిడ అక్క భర్త, అంటే మా తోడల్లుడు, ఆ గల్లీలో కొవ్వొత్తుల షెడ్డు నడుపుతాడు. మాదీ ఆయనదీ కడప వైపే. గాజు గ్లాసుల్లో పోసే వాసన కొవ్వొత్తులు ఆయన సరుకు. మైనంలో కొంత స్టియరిక్ ఆసిడ్ కలిపితేనే అవి వంగిపోకుండా గట్టిగా నిలబడతాయి. పేరుకు ఆసిడ్ గానీ, చేతిలో పోసుకుంటే సగ్గుబియ్యంలా జారే తెల్లటి గింజలు. రబ్బరు చెప్పులకూ, ప్లాస్టిక్ గొట్టాలకూ కూడా అదే కావాలి కాబట్టి గల్లీ మొత్తానికి కలిపి మలేషియా నుంచి ఒక కంటైనరు తెప్పించేవారు. పామాయిల్ నుంచి తీసిన సరుకు. కాగితాల పని ఏజెంటుది.

ఏజెంటు గురించి నిజం చెప్పాలంటే, అతనితో వేగడం కష్టం. ఏది అడిగినా ఒకటే జవాబు, "అయితది". సరుకు ఎప్పుడొస్తుంది? అయితది. కాగితాలు సరిగ్గా ఉన్నాయా? అయితది సార్, ఫికర్ చెయ్యకుండ్రి. వాట్సాప్‌లో పంపే ఫోటోలన్నీ పక్కకు తిరిగి ఉండేవి. వాటిని చదవడానికి మా తోడల్లుడు మెడ భుజం మీదికి వాల్చి నిలబడేవాడు. ఫోను తిప్పితే ఫోటో కూడా తిరిగేది. ఇలాంటి మనిషి మీద ఏ తప్పు మోపినా జనం నమ్ముతారు. నాకు కలిసొచ్చింది అదే.

ఆ ఏడు దీపావళికి మా ఆఫీసు ఉద్యోగులకిచ్చే కానుకగా మా తోడల్లుడి కొవ్వొత్తుల డబ్బాలు పెట్టించాను. ఆయన షెడ్డుకు అంత పెద్ద ఆర్డరు అదే మొదలు. నమూనా డబ్బాలో మా వదిన ముచ్చటపడి తెలుగులో ఒక చీటీ పెట్టింది. కొవ్వొత్తిలో ఏమేం ఉన్నాయో ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఫోనుకిచ్చి తెలుగు చేయించింది. ఫ్యాటీ ఆసిడ్‌ను ఫోను "కొవ్వు ఆమ్లం" అని పెట్టింది. తప్పేం కాదు, పాఠ్యపుస్తకాల్లోనూ అదే మాట.

మా ఆఫీసులో కానుకల కమిటీ అని ఒకటుంది. అందులో ఒకావిడ ఆ చీటీ పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చింది. రాజమండ్రి వైపు మనిషి.

"సార్, ఇందులో కొవ్వు అని ఉందండి."

"ఫ్యాటీ ఆసిడ్ అండి అది."

"అదేనండి. ఏ జంతువుదండి?"

"జంతువుది కాదు, పామాయిల్‌ది. అయినా కొవ్వొత్తి అన్నాక కొవ్వుండదా అండి?"

ఇది నేను జోకనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. "పూజగదిలో పెట్టుకుంటారు కదండి. జంతువుల కొవ్వు కాదని కంపెనీ కాగితం ఏదైనా ఉంటే తెచ్చివ్వండి, మేమూ పైవాళ్లకి చెప్పుకోవాలి కదండి" అంది.

తప్పు పట్టడానికి లేదు. స్టియరిక్ ఆసిడ్‌ను కొన్నిచోట్ల పశువుల కొవ్వు నుంచి తీస్తారన్నది నిజమే. సాయంత్రం షెడ్డుకు వెళ్లి చెబితే మా తోడల్లుడు మండిపడ్డాడు.

"కొవ్వంట, కొవ్వు. కొవ్వెక్కింది వాళ్లకి. ఇన్నాళ్లు కొవ్వొత్తి కొవ్వొత్తి అని నోరారా పిలిచినారు గదా, అప్పుడు గుర్తు రాలేదా కొవ్వు?"

"చీటీ పెట్టొద్దంటే ఇన్యావా?" అని వదిన వైపు తిరిగాడు.

"పెట్టమనింది నువ్వే. తెలుగులో ఉంటే మర్యాదగా ఉంటాదంటివి" అంది వదిన.

చివరికి పని నా మీద పడింది. "నువ్వు కస్టమ్స్ ఆయనవి. ఆ మలేషియా వాళ్లకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు రాయి అబ్బీ, ఇది చెట్టుదేనని కాగితం మీద కనపడాల" అన్నాడు.

ఇది చెట్టు నూనె సరుకేనని విడిగా ఒక సర్టిఫికెట్ ఇమ్మంటే సరిపోయేది. కానీ నా తెలివి అక్కడితో ఆగలేదు. ఆ "స్టియరిక్" అన్న మాటలో చెట్టూ కనపడదు, పశువూ కనపడదు, అనుమానమంతా దానివల్లే అనిపించింది. అందుకని ఈసారి నుంచి అన్ని కాగితాల మీదా సరుకు పేరు "పామ్ ఫ్యాటీ ఆసిడ్" అని రాయండి అని మెయిల్ పెట్టాను. పామ్ అంటే చెట్టని ఎవరికైనా తెలుసు. వాళ్లు ఆ రోజే అలాగేనని జవాబిచ్చారు. ఆ జవాబు మా తోడల్లుడికి చూపించి "ఇక బెంగలేదన్నా" అన్నాను. ఆయన జవాబొచ్చిందని చూశాడే గానీ నేనేం అడిగానో చదవలేదు. నా మీద నమ్మకం.

కస్టమ్స్ లెక్కలో స్టియరిక్ ఆసిడ్ వేరు, పామ్ ఫ్యాటీ ఆసిడ్ వేరు. ఒకే నూనెలోంచి వచ్చినా, అన్నదమ్ములే అయినా, రేషన్ కార్డులు వేరు. ప్రెషర్ కుక్కర్ మీదా హెల్మెట్ మీదా ఉండే ప్రభుత్వ నాణ్యత ముద్ర తెలుసు కదా. కొన్ని రకాల ఫ్యాటీ ఆసిడ్ల బస్తాల మీద కూడా ఆ ముద్ర ఉండాలని, ఉండాలంటే విదేశంలో ఉన్న ఆ ఫ్యాక్టరీ మన దగ్గర లైసెన్సు తీసుకోవాలని అప్పటికి ఉత్తర్వులు వచ్చాయి. ఆ జాబితాలో పామ్ ఉంది. మేం తెప్పించే స్టియరిక్ అప్పటికి లేదు. అంటే ఏ ముద్రా అక్కర్లేని సరుకును, పేరు మార్చి, ముద్ర కావాల్సిన సరుకును చేసి ఓడ ఎక్కించాను.

ఓడ ఇంకా సముద్రం మీద ఉండగానే ఏజెంటు ఫోను చేశాడు. నేను మీటింగులోంచి బయటికొచ్చి కాఫీ మిషను పక్కన నిలబడి మాట్లాడాను.

"సార్, గీ పేరేంది సార్, కొత్తగున్నది? అన్న నంబరు కలుస్తలేదు, అందుకే మీకు చేసిన."

"అదీ ఇదీ ఒకటేనండీ. నేనే అలా రాయమన్నాను."

"ఒక్కటే అయితే పాతదే ఉండనియ్యకపోయిండ్రా. గిది కాదు సార్. దీని మీద ఏదో ఆర్డరొచ్చిందని మావోళ్లు అంటున్నరు. జర ఆగుదాం. ఓడ రాకముందే కాగితాలు మార్పిద్దాం."

"ఆ ఆర్డరు వాయిదా పడింది. నేను చదివాను."

"సదివిండ్రా మీరు?"

"చదివానండీ. మీరు ఫైల్ చెయ్యండి."

"మీరు సదివినంక ఇగ నాదేముంది సార్."

చదివిన మాట నిజమే. మెట్రోలో నిలబడి, ఫోనులో, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని చదివాను. అలాంటి ఉత్తర్వులు వస్తాయి, వాయిదా పడతాయి, మళ్లీ వస్తాయి. అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. నేను చదివిన వాయిదా మరో రసాయనానిది. అన్నిటికీ "అయితది" అనే మనిషి ఆ ఒక్కసారి "కాదు" అన్నాడు. ఆ తేడా నా చెవికి ఎక్కలేదు. లోపల మీటింగు నడుస్తోంది, కాఫీ చల్లారుతోంది, ఇతనికి నేను చెప్పాలి గానీ నాకితను చెప్పేదేంటి అనిపించింది.

కంటైనరు చెన్నై రేవులో దిగింది, ఆగిపోయింది.

ఇప్పుడు మన దిగుమతి కాగితాలు పరిశీలించే అధికారి ఏ ఊళ్లో ఉంటాడో మనకు తెలియదు. ముఖాలు చూసుకోవడం ఉండదు, అంతా తెర మీదే. లంచాలు తగ్గాలని పెట్టిన పద్ధతి, మంచిదే. కానీ పెద్దమనిషి ఎదురుగా ఉంటే రెండు చేతులూ జోడించి "అయ్యా, జరిగింది ఇదీ" అని మొత్తం కథ చెప్పుకోవచ్చు. తెర మీద గడి నిండగానే కథ ఆగిపోతుంది. ప్రశ్న వచ్చింది, బస్తాల మీద నాణ్యత ముద్ర ఏది? ఇది పామ్ ఫ్యాటీ ఆసిడ్ కాదు, స్టియరిక్ ఆసిడ్ అని జవాబిచ్చాం. మరి పామ్ అని ఎందుకు రాశారు? చెట్టు నుంచి తీసిందని తెలియాలని. అంటే పామ్ నుంచి తీసిందేనా? అవును. మరి ముద్ర ఏది?

 ఆ తెరను తిట్టుకుందామా అంటే, జీతం తీసుకుని నేను తయారుచేసేవీ అలాంటి గడులే.

పేరు సవరించమని దరఖాస్తు పెట్టాం. ముద్ర తప్పించుకోవడానికి ఇప్పుడు పేరు మారుస్తున్నారేమో అన్న అనుమానం వచ్చింది వాళ్లకు. రాక మానదు. పంపినవాళ్ల దగ్గర ఉత్తరం తెమ్మన్నారు. మలేషియా వాళ్లు ఉత్తరం ఇచ్చారు. కొన్నవారు కోరినందువల్ల పేరు మార్చితిమి అని ఒకే ఒక్క వాక్యం. నిజమే రాశారు. అది నా మెయిల్‌కు వస్తే ఏజెంటుకు పంపాను గానీ గల్లీలో ఎవరికీ చూపించలేదు. ఆ నిజంతో మేం ఇంకో మెట్టు దిగిపోయాం. చివరికి సరుకు నమూనా తీసి పరీక్షకు పంపారు. పరీక్షశాలలో వరసలో మా ముందు ఏమేం ఉన్నాయో దేవుడికి తెలియాలి.

ఏజెంటు ఫోటోలు పంపుతూనే ఉన్నాడు, పక్కకు తిరిగినవి.

దీపావళి దగ్గరపడుతుండగా మా తోడల్లుడు అందర్నీ షెడ్డుకు పిలిచాడు. చెప్పులాయన, గొట్టాలాయన, ఇంకొకాయన, ఏజెంటు, నేను. పోయడానికి సరుకు లేక అచ్చులన్నీ గోడకు బోర్లించి ఉన్నాయి. ఏజెంటు ప్లాస్టిక్ కుర్చీలో హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏళ్ల తరబడి ఒకటే పేరు మీద వచ్చే సరుకు. పేరెందుకు మార్చినావయ్యా నువ్వు? నిన్ను ఎవురు మార్చమనె?" అన్నాడు మా తోడల్లుడు.

"నేను మార్చలే అన్నా. అట్లనే వచ్చినయ్ కాగితాలు. సార్ ఉన్నరు కదా, సార్‌నడగండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. చేతిలో టీ గ్లాసు ఉంది. ఒక్క ముక్కతో అయిపోయేది. నేనన్నది ఇదీ: "ఏదైనా, ఫైల్ చేసే ముందు చూసుకోవాల్సింది ఏజెంటే కదన్నా."

అందులో ఒక్క అబద్ధం లేదు. నేను బాగా చేసుకున్న వాక్యాల్లో అదొకటి.

ఏజెంటు నన్ను చూశాడు. కాఫీ మిషను దగ్గర మాట్లాడిన మాటలన్నీ బయట పెడతాడనుకున్నాను. పెట్టినా నమ్మేవాళ్లు లేరని అతనికి నాకంటే ముందే అర్థమైనట్టుంది. "అట్లనా సార్. సరే" అని హెల్మెట్ తీసుకుని లేచాడు. మా తోడల్లుడు అతని వెనకాలే గేటు దాకా వెళ్లి తిట్టాడు. ఇక్కడ రాయలేని మాటలు.

ఆ కంటైనరు విడిపించింది కూడా అతనే. అది ఎవరూ చెప్పుకోరు. పరీక్షలో స్టియరిక్ అని తేలింది, సరుకు వచ్చింది, అప్పటికి దీపావళి వెళ్లిపోయింది. మా ఆఫీసువాళ్లు జీడిపప్పు, బాదంపప్పు డబ్బాలు పంచేశారు. రేవులో ఎండకు బస్తాల్లో గింజలు కరిగి మళ్లీ గడ్డకట్టి రాళ్లయితే షెడ్డులో ఆడవాళ్లు చెక్క సుత్తులతో పగలగొట్టారు. ఆ తర్వాత గల్లీకి వేరే ఏజెంటు వచ్చాడు. పాతతని పేరు సామెతలో చేరింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, ఈ మధ్య ప్రగతి నగర్‌లో ఒక గృహప్రవేశానికి మా తోడల్లుడిని కారులో తీసుకెళ్తున్నాను. కూకట్‌పల్లి దాటాక ఫోను చెప్పిన దారి కాదని నా తెలివితో వేరే దారి పట్టి, నిజాంపేట రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. ముందు బస్సు, వెనక నీళ్ల ట్యాంకరు.

"బాగుండే రోడ్డిడిసిపెట్టి, ఏజెంటు పేరు మార్చినట్టు, ఈ దోవ ఎందుకు పట్టినావప్పా?" అన్నాడాయన.

ఎన్నోసార్లు విన్న మాటే. కానీ అంతకుముందెప్పుడూ నా మీద వాడలేదు. ఎంత సరిగ్గా అతికిందంటే, నోరు దానంతటదే తెరుచుకుంది. "అన్నా, ఆ పేరు మార్చింది ఏజెంటు కాదు. నేను" అన్నాను. మెయిల్ సంగతీ, ఫోను సంగతీ మొత్తం చెప్పాను. బస్సు కదల్లేదు కాబట్టి ఆయన దిగిపోవడానికీ వీల్లేదు.

"నువ్వా?" అన్నాడు.

"నేనే."

"మరి ఆ పొద్దు షెడ్లో నోట్లో ఏం పెట్టుకున్నావు?"

నేను హ్యాండ్‌బ్రేకు వేశాను.

"ఆ మనిషిని గేటు దాకా పోయి తిట్టినాను అబ్బీ నేను."

"అక్కడే ఉన్నాను కదన్నా."

"ఉన్నావులే. టీ గూడా తాగినావు." నా ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "ఫోన్ చెయ్ ఆయనకు. ఈడ్నే. స్పీకర్ పెట్టు."

నంబరు నా దగ్గర ఇంకా ఉంది. రెండు రింగులకే ఎత్తాడు.

"నమస్తే అండీ, నేను, బాచుపల్లి కొవ్వొత్తుల షెడ్డు తాలూకు..."

"ఆఁ, పామ్ సారా. చెప్పండ్రి."

"ఏం సారు?" అన్నాడు మా తోడల్లుడు ముందుకు వంగి.

"అన్న గూడ ఉన్నడా? పామ్ సార్ అన్నా. మా ఆఫీసుల సార్‌ను గట్లనే అంటం."

పామ్ అన్నాడో పాము అన్నాడో ఆ హారన్ల మధ్య తెలియలేదు. మా తోడల్లుడికి మాత్రం తెలిసినట్టే ఉంది. "సరిగ్గానే పెట్టినారు" అన్నాడు.

నేను చెప్పాల్సింది చెప్పాను. తప్పు నాదేనని ఇప్పుడే అన్నకు చెప్పానని, క్షమించమని. 

"గిప్పుడు నాకు చెప్తే ఏమొస్తది సార్? నాకు తెలిసిందే కదా అది. తెల్వనోళ్లకు చెప్పండ్రి."

"నువ్వు మళ్లా రావయ్యా, మా పని నువ్వే చూడు" అన్నాడు మా తోడల్లుడు.

"సూద్దాం అన్నా." అయితది అనలేదు.

ఆ శనివారం గల్లీకి వెళ్లాను. చెప్పులాయన షెడ్డులో మిషను మోతకు ఏమీ వినపడదు. "పేరు మార్చింది నేనండీ" అంటే "ఏంది?" అంటాడు. "నేనే మార్చాను" అంటే "ఎవరు?" అంటాడు. గొంతు చించుకుని మూడోసారి అరిచేసరికి మిషను ఆగింది. షెడ్డంతా విన్నది. ఆయన చేతులు తుడుచుకుంటూ "గింత చిన్న ముచ్చటకు గంత లొల్లేంది సార్" అన్నాడు.

గొంతు సంగతి సరే, గొట్టాలాయన దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఓపిగ్గా అంతా విని తల ఊపి, "కావచ్చండి. అయినా ఫైల్ చేసే ముందు చూసుకోవాల్సింది ఏజెంటే కదండి" అన్నాడు.

నా వాక్యమే. ఒక్క అక్షరం పోలేదు. ఇన్నేళ్లు భద్రంగా దాచుకుని నాకే తిరిగిచ్చాడు. అతను చూశాడనీ, వద్దన్నాడనీ, నేను వినలేదనీ మళ్లీ మొదటి నుంచి చెప్పాను. నా వాక్యంతో నేనే వాదించాల్సి వచ్చింది. ఆయన పూర్తిగా ఒప్పుకున్నాడో, నన్ను వదిలించుకోవడానికి ఒప్పుకున్నాడో చెప్పలేను.

మూడో ఆయన ఫోనులో ఎవరి మీదో కేకలేస్తున్నాడు. పెట్టేసి నా వైపు తిరిగి, నేను సగం చెప్పగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అంటే ఆయన ముందే వద్దన్నడా?"

"వద్దన్నాడండీ. ఆగుదామన్నాడు."

"ఆయన నంబరున్నదా నీ తాన? నా కంటైనరు ఒకటి పోర్టుల ఆగింది. ఇప్పుడున్నోడు అన్నిటికీ ఊఁ అంటడు."

నంబరు ఇచ్చాను. కాగితాల మీద సరుకు పేరు ఏమని ఉందండీ అని అడగబోయి, నోరు మూసుకుని బయటికొచ్చాను.